అంగారకుడి మీద పందెం బరి

వేసవి సెలవుల్లో మీ ఇంట్లో ఎలా ఉంటుందో తెలీదుగానీ, మా ఇంట్లో మాత్రం పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా యుద్ధమే! అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పిల్లలున్న ఇంట్లో నిశ్శబ్దాన్ని మించి భయపెట్టేది ఇంకొకటి ఉండదు కదండీ! ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నదాన్ని చేతులు కడుక్కుని వెళ్ళి చూశాను. మావాడు ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాడు. మంచానికీ గోడకీ మధ్య సందులో దూరి, ఒళ్ళు తెలీకుండా పుస్తకం చదువుతున్నాడు.

అబ్బ, పిల్లవాడు చదువుతున్నాడని సంతోషించాలా? అట్ట మీద బొమ్మ చూస్తే నా గుండె గుభేల్మంది. కత్తి దూసిన ఒక వీరుడు, మీదకి దూకుతున్న తెల్లటి రాక్షస కోతులు, వెనకాల ఎర్రటి ఆకాశం, పక్కన చాలీచాలని బట్టల్లో ఒక రాజకుమారి! "ఏమిట్రా ఇది?" అన్నాను. "అంగారక గ్రహం మీద గ్లాడియేటర్లమ్మా!" అన్నాడు తలెత్తకుండా.

మావారు ఆబిడ్స్‌లో ఆదివారం పూట రోడ్డు పక్కన అమ్మే పాత పుస్తకాల్లోంచి తెచ్చారట. పేరు 'ది గాడ్స్ ఆఫ్ మార్స్'. రాసినాయన ఎడ్గార్ రైస్ బరోస్. టార్జాన్‌ని సృష్టించింది కూడా ఈయనే.

పుస్తకం లాక్కుని బీరువా మీద పెట్టేశాను. మీరైనా అదే చేసేవారు! కానీ ఆ రాత్రి పనంతా అయ్యాక, అసలు అందులో ఏముందో చూద్దామని తీశాను. మూడు రాత్రులు నిద్ర మానుకుని పూర్తిచేశాను. ఆ తర్వాత ఆ రచయిత సంగతేమిటి, నిజం గ్లాడియేటర్ల సంగతేమిటి అని వెతుక్కుంటూ పోతే, కత్తుల కథ కాస్తా తిరిగి తిరిగి మన వంటింట్లోకే వచ్చింది. అదెలాగో చెప్తాను వినండి.

ఇల్లాలి నగలు - పెన్సిల్ చెక్కే మరలు

1911వ సంవత్సరం. అమెరికాలో చికాగో నగరం. బరోస్‌కి 35 ఏళ్ళు. భార్య ఎమ్మా. ఇద్దరు పసిపిల్లలు. అప్పటికి ఆయన చెయ్యని ఉద్యోగం లేదు, నిలబడ్డ ఉద్యోగమూ లేదు. సైన్యంలో చేరాడు, పశువుల్ని కాశాడు, బంగారం తవ్వే పనికి వెళ్ళాడు, దుకాణం పెట్టాడు. ఏదీ కలిసి రాలేదు. ఇంట్లో తిండికీ, చలికాలంలో పొయ్యిలోకి బొగ్గుకీ కూడా కటకటలాడే రోజులు. చివరికి ఎమ్మా నగలు తాకట్టుకి వెళ్ళాయి!

ఆ మాట చదవగానే నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకుండిపోయాను. నగ తాకట్టుకి పోవడమంటే ఏమిటో మగవాళ్ళకి లెక్క ప్రకారమే తెలుస్తుంది. మనకి మాత్రం అది మెడకి, చేతికి తెలుస్తుంది. ఎమ్మా పుట్టింటివారు కలిగినవాళ్ళు. అక్కడినుంచి వచ్చిన పిల్ల, ఒక్కొక్క వస్తువూ తీసి ఇచ్చేసింది.

అప్పుడు బరోస్ చేస్తున్న వ్యాపారం పెన్సిళ్ళు చెక్కే మరలు అమ్మించడం. ఏజెంట్లు ఊరి మీద పడి అమ్ముకురావాలి, ఈయన ఆఫీసులో కూర్చుని వాళ్ళకోసం ఎదురుచూడాలి. అమ్మకాలు లేవు, చేతినిండా ఖాళీ. అప్పట్లో చౌకరకం కాగితం మీద వేసే కథల పత్రికల్ని తిరగేస్తూ, 'ఇంత నాసిరకం కథలకి డబ్బిస్తున్నారంటే, ఇంతకన్నా నేనే బాగా రాయగలను' అనుకున్నాడట. పనికిరాకుండా పడి ఉన్న పాత ఆఫీసు కాగితాల వెనకవైపు మొదలుపెట్టాడు. అంగారకుడి మీద సాహసాలు చేసే జాన్ కార్టర్ కథ!

'ఆల్ స్టోరీ' అనే పత్రిక ఆ కథకి 400 డాలర్లు ఇచ్చింది. 1912 ఫిబ్రవరి నుంచి సీరియల్‌గా వేసింది. ఇలాంటి కథ సొంతపేరుతో వస్తే జనం పిచ్చివాడనుకుంటారని భయపడి, 'బుర్ర సరిగ్గానే ఉన్నవాడు' అనే అర్థం వచ్చేలా 'నార్మల్ బీన్' అని కలం పేరు పెట్టుకున్నాడు. అచ్చులో అది కాస్తా 'నార్మన్ బీన్' అయిపోయింది. చమత్కారం మొత్తం నీళ్ళపాలు!

ఆ కథకి రెండో భాగమే మావాడు చదువుతున్న 'ది గాడ్స్ ఆఫ్ మార్స్'. అదీ అదే పత్రికలో 1913 జనవరి నుంచి మే వరకు సీరియల్‌గా వచ్చింది. ఆ సీరియల్ నడుస్తుండగానే, ఫిబ్రవరి 28న, ఎమ్మాకి మూడో బిడ్డ పుట్టాడు. అంటే అంగారకుడి మీద కత్తియుద్ధాలు కాగితం మీదకి ఎక్కుతున్న రోజుల్లో ఆ ఇంటి ఇల్లాలు ఇద్దరు పిల్లల్ని సముదాయిస్తూ, వేవిళ్ళతో, నెలలు లెక్కపెట్టుకుంటూ ఉందన్నమాట! ఆ మూడో బిడ్డే పెద్దయ్యాక తండ్రి పుస్తకాలకి బొమ్మలు వేశాడు.

ఇంతకీ కథేమిటంటారా?

మొదటి భాగంలో జాన్ కార్టర్ అనే సైనికుడు ఏదో మాయ జరిగినట్టు అంగారకుడి మీద కళ్ళు తెరుస్తాడు. అక్కడివాళ్ళు తమ గ్రహాన్ని బార్సూమ్ అంటారు. అక్కడ ఆకర్షణ శక్తి తక్కువ కాబట్టి ఈయనగారు ఒక్క ఎగురుకి మేడంత ఎత్తు ఎగురుతాడు. హీలియం నగరపు రాజకుమారి డెజా థోరిస్‌ని పెళ్ళాడతాడు. తర్వాత అక్కడివాళ్ళందరికీ గాలి తయారుచేసే యంత్రం ఆగిపోతే, దాన్ని నడిపించే ప్రయత్నంలో స్పృహ తప్పి, మళ్ళీ భూమ్మీద లేస్తాడు. పెళ్ళాం అక్కడ, ఈయన ఇక్కడ. ఆమె బతికుందో లేదో తెలీదు.

ఒక్క విషయం చెప్తే మీరు నవ్వుతారు. బార్సూమ్ ఆడవాళ్ళు బిడ్డల్ని కనరు, గుడ్లు పెడతారు! ఆ గుడ్డు పిల్లయ్యేసరికి అయిదేళ్ళు. జాన్ కార్టర్ వచ్చేసేనాటికి రాజభవనం మీద బంగారు గూట్లో వాళ్ళ గుడ్డు పొదగడానికి సిద్ధంగా ఉంటుంది. పురిటి నొప్పులు లేవు, పథ్యాలు లేవు. "హాయిగా ఉంది కదే" అన్నారు మా అత్తగారు ఈ ముక్క వినగానే!

రెండో భాగం పదేళ్ళ తర్వాత మొదలవుతుంది. కార్టర్ మళ్ళీ అక్కడికి చేరతాడు. కానీ పడ్డచోటు మామూలు చోటు కాదు. బార్సూమ్‌లో బతికి బతికి విసిగిపోయినవాళ్ళు ఇస్ అనే నదిలో పడవెక్కి చివరి యాత్రకి వెళ్తారు. నది చివర ఒక లోయలో ఇస్సస్ దేవత ఉంటుందనీ, అక్కడంతా సుఖమేననీ వాళ్ళ నమ్మకం. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకూడదు. వస్తే చంపేస్తారు. అక్కడికి వెళ్ళి చూస్తే ఏముంది? పాపం, ఆ ముసలివాళ్ళమీద పడి పీక్కుతినే క్రూరజంతువులు! ప్రాణాలతో మిగిలినవాళ్ళు అక్కడి పెద్దమనుషులకి బానిసలు. 'దేవత' అనుకున్న ఇస్సస్ ఒక మహా ముసలి, మహా క్రూరురాలు. తనని కళ్ళారా చూసినవాళ్ళని ఏడాదిపాటు సేవ చేయించుకుని, ఆపైన బరిలోకి తోలిస్తుంది. నెలనెలా ఆ బరిలో ఆడపిల్లల్ని కోతిరాక్షసులకి ఆహారంగా వేస్తూ ఉంటే, మెట్లమీద కూర్చున్న ప్రజలు పండగలా చూస్తారు.

ఆ చెరలో కార్టర్‌కి ఒక కుర్రాడు పరిచయమవుతాడు. చిన్నవాడు, కత్తి పట్టుకుంటే చిచ్చరపిడుగు. ఇద్దరినీ ఒకే బరిలోకి తోస్తారు. అక్కడ భుజం భుజం కలిపి పోరాడతారు. తోటి ఖైదీలంతా తమలో తాము చావకుండా కలిసికట్టుగా తిరగబడి, చూస్తున్నవాళ్ళ మీదకి, సింహాసనం మీదున్న ఇస్సస్ మీదకి దూకుతారు! ఆ కుర్రాడు తన పేరు చెప్పేదాకా కార్టర్‌కి తెలీదు, అతను తన కన్నకొడుకేనని. పేరు కార్థోరిస్. తండ్రి కార్టర్ పేరులో సగం, తల్లి థోరిస్ పేరు మొత్తం కలిపి ఆ తల్లి పెట్టుకున్న పేరు. గూట్లో వదిలి వచ్చిన గుడ్డు, ఈ కుర్రాడు!

ఇది చదువుతుంటే నాకు మా అమ్మమ్మ చెప్పిన బాలనాగమ్మ కథ గుర్తొచ్చింది. మాయల ఫకీరు చెరలో ఉన్న తల్లికోసం బాలవర్ధిరాజు బయల్దేరడం... ఆ కథ వింటూ మనం ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకోలేదు?

ఇక ముగింపు. చివరికి ఇస్సస్ బండారం బయటపడి, ఆమెని నమ్మినవాళ్ళే ఆమెని చంపేస్తారు. కానీ ఆలోపే డెజా థోరిస్‌ని ఒక గుండ్రంగా తిరిగే చెరసాలలో బంధిస్తుంది ఆ ముసలిది. ఆ గది తలుపు ఏడాదికి ఒక్కసారే తెరుచుకుంటుంది. అక్కడి ఏడాది అంటే మన లెక్కలో 687 రోజులు! లోపల డెజా థోరిస్‌తో పాటు ఇద్దరు ఆడవాళ్ళు. ఒకతి అసూయతో కత్తి ఎత్తింది, ఇంకొకతి అడ్డంగా దూకింది, పొగ కమ్మేసింది, కేక వినిపించింది, తలుపు మూసుకుపోయింది... అంతే! అక్కడ ఆపేశాడు మహానుభావుడు. తరువాయి భాగం 1913 డిసెంబర్‌లో గానీ మొదలవలేదు. వారం వారం సీరియల్ కోసం పక్కింటావిడ కంటే ముందే పత్రిక తెచ్చుకునే మనకి ఆ పాఠకుల బాధ అర్థంకాదూ?

నిజం బరి, నిజం మనుషులు

బరోస్ ఈ బరిని ఆకాశంలోంచి ఊడిపడినట్టు రాశాడుగానీ, దాని మూలం రోము నగరంలో ఉంది. క్రీస్తుశకం 80లో కొలోసియం అనే పెద్ద రంగస్థలం తెరిచినప్పుడు ఆ వేడుకలు 100 రోజులు జరిగాయని రాసిపెట్టారు. దాదాపు 50,000 మంది కూర్చునే చోటు. బానిసలు, యుద్ధఖైదీలు, నేరస్థులు, అప్పులపాలై తమని తామే అమ్ముకున్నవాళ్ళు - వీళ్ళే గ్లాడియేటర్లు.

అందులో ఆడవాళ్ళకి చోటెక్కడో తెలుసా? అట్టడుగున ముందువరసలో గుడి కన్యలకి తప్ప, మామూలు ఇళ్ళ ఆడవాళ్ళకి అన్నిటికంటే పై వరసలు. అక్కణ్ణించి కింద మనుషులు చీమల్లా కనిపించి ఉంటారు.

అయితే ఆడవాళ్ళు చూడటమే కాదు, బరిలోకి దిగినవాళ్ళూ ఉన్నారు! ఇప్పటి టర్కీలోని హాలికర్నాసస్‌లో దొరికిన ఒక చెక్కుడురాయి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానిమీద ఇద్దరు ఆడ గ్లాడియేటర్లు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. పేర్లు అమెజాన్, అకిలియా. ఇద్దరినీ ప్రాణాలతో విడిచిపెట్టారని రాతిమీద చెక్కి ఉంది. ఒకరినొకరు చంపుకోలేదు, ఇద్దరూ నడిచి బయటికొచ్చారు! పేరు తెలియని ఎందరో చచ్చిపోయిన చోట, ఇద్దరాడవాళ్ళు బతికిన సంగతి దాదాపు రెండువేల ఏళ్ళుగా ఆ రాయి చెబుతూనే ఉంది. క్రీస్తుశకం 200లో సెవెరస్ చక్రవర్తి ఆడవాళ్ళ పోరాటాల్ని నిషేధించాడు.

ఇప్పుడు మన శాఖకి సంబంధించిన సంగతి. గ్లాడియేటర్లంటే మాంసాలు తిని కండలు పెంచినవాళ్ళనుకుంటాం కదూ? అప్పట్లో వాళ్ళకున్న ముద్దుపేరు 'బార్లీ తినేవాళ్ళు'! టర్కీలోని ఎఫెసస్ దగ్గర 1993లో గ్లాడియేటర్ల శ్మశానం బయటపడింది. ఆ ఎముకల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2014లో తేల్చిందేమిటంటే, వాళ్ళు తిన్నది ఎక్కువగా ధాన్యాలు, చిక్కుడుజాతి గింజలూనట. ఎముకల బలానికి బూడిద కలిపిన పానీయం కూడా తాగేవారట. మావాడికి ఈ సంగతి చెప్పిన రోజునుంచి చిక్కుడు గింజల కూర మీద సణుగుడు తగ్గింది!

మీ ఇంట్లో కూడా ఆ చిట్కా పనిచేస్తుందేమో చూడండి. ఒక కప్పు బార్లీ గింజలు, అరకప్పు ఎండు చిక్కుడు గింజలు విడివిడిగా రాత్రంతా నానబెట్టండి. పొద్దున రెండూ కలిపి, నాలుగున్నర కప్పుల నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానివ్వండి. నేతిలో జీలకర్ర, మిరియాలు, అల్లం తరుగు, కరివేపాకు పోపు పెట్టి, ఉప్పు సరిచూసి కలపండి. పైన ఓ చెంచా నెయ్యి, పక్కన నిమ్మకాయ ఊరగాయ. వేడివేడిగా వడ్డించి, 'ఇది వీరుల భోజనం' అనండి. బూడిద మాత్రం కలపకండేం!

వంటింటి సంగతి ఇంకోటి ఉంది. గ్లాడియేటర్ల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద తిరుగుబాటు స్పార్టకస్‌ది. క్రీస్తుపూర్వం 73లో కాపువా అనే ఊళ్ళో, కత్తిసాము నేర్పే బడినుంచి 70 మందికి పైగా తప్పించుకున్నారు. వాళ్ళ చేతుల్లో ఆయుధాలేమిటనుకున్నారు? ప్లూటార్క్ అనే చరిత్రకారుడు రాశాడు - వంటింట్లోంచి లాక్కున్న కత్తులు, మాంసం కాల్చే ఊచలు! రోము సైన్యాల్ని రెండేళ్ళు గడగడలాడించిన తిరుగుబాటు వంటసామానుతో మొదలైంది. చివరికి ఓడిపోయారు. పట్టుబడ్డ 6,000 మందిని రోడ్డు పొడుగునా శిలువ వేశారు. బరోస్ నవలలో ఖైదీలంతా ఏకమై మెట్లమీదకి దూకే ఘట్టం చదివినప్పుడు, స్పార్టకస్ కథ తెలిసినవాళ్ళకి కళ్ళు చెమరుస్తాయి. చరిత్రలో ఓడినవాళ్ళు కనీసం కథలోనైనా గెలిచారు కదా అని!

మావాడు అడిగిన మాట

సరే, పుస్తకం చదివాక మావాడిని కూర్చోబెట్టి అడిగాను. "ఇందులో నీకేం నచ్చిందిరా?" అని. కోతుల యుద్ధం అంటాడనుకున్నా. వాడేమన్నాడో తెలుసా? "మొదటి భాగంలో ఒకటుందమ్మా. బరిలో అందరూ చచ్చి, చివరికి కార్టర్, అతని స్నేహితుడు కాంటోస్ కాన్ మిగులుతారు. ఒక్కడే బతకాలని రూలు. అప్పుడు ఇద్దరూ ఉత్తుత్తినే యుద్ధం చేసి, కత్తి గుచ్చుకున్నట్టు నాటకమాడి, చచ్చినట్టు పడిపోతాడు కార్టర్. ఇద్దరూ బతికిపోతారు. అది నాకు బాగా నచ్చింది."

నేను లాక్కున్న పుస్తకంలో మావాడు నేర్చుకున్నది చంపడం కాదు, చంపకుండా ఆట ముగించడం!

ఇంకొక మాట కూడా అన్నాడు. అది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పేస్తాను. "అమ్మా, మొన్న టీవీలో పాటల పోటీలో ఆ చిన్నపాపని ఎలిమినేట్ చేశారు కదా. ఆ పాప ఏడుస్తుంటే నెమ్మదిగా మళ్ళీ మళ్ళీ చూపించారు. నువ్వు కూర తరగడం ఆపి మరీ చూశావు. ఎందుకు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ పాపకి మహా అయితే ఎనిమిదేళ్ళుంటాయి. నాకు జాలి వేసింది నిజమే. కానీ చూపు తిప్పుకోలేదు కదా! మర్నాడు పక్కింటి వదినగారితో కూడా అదే మాట్లాడుకున్నాం - ఎవరు పోతారు, ఎవరుంటారు అని. అంగారకుడి మీద మెట్లమీద కూర్చున్నవాళ్ళూ, కొలోసియంలో పై వరసల్లో కూర్చున్న ఇల్లాళ్ళూ రాక్షసులేం కాదు. ఇంటికెళ్ళి పిల్లలకి అన్నం పెట్టినవాళ్ళే. రోమువాడైన సెనెకా అనే పండితుడు ఒక ఉత్తరంలో రాశాడు - సరదాగా ఉంటుందని ఆ బరి చూడటానికి వెళ్ళి, ఇంకాస్త కఠినుడై ఇంటికి తిరిగొచ్చానని. బరిలో కొట్టుకునేవాడి సంగతి అందరూ చెబుతారు. చూసేవాడికి ఏమవుతుందో ఆయన చెప్పాడు.

పిల్లల మార్కుల దగ్గర మనం చేసేదేమిటండీ? "పక్కింటి పిల్లకి ఎన్నొచ్చాయి?" అని అడిగిన ప్రతిసారీ మనమే ఒక బరి గీసి, ఇద్దరు పసివాళ్ళని అందులోకి తోస్తున్నాం. పైవరసలో కూర్చుని చూస్తున్నాం. నేను ఎవరికో నీతులు చెప్పడం లేదు, నాకు నేనే చెప్పుకుంటున్నా.

రాజకుమారి చేస్తున్న పని

ఈ నవలలో నాకు నచ్చనివీ ఉన్నాయి. రాసి వందేళ్ళు దాటిందిగా, ఆ వాసన వెయ్యకుండా ఎలా ఉంటుంది? మనుషుల్ని ఒంటి రంగునిబట్టి జాతులుగా విడగొట్టి, ఒక్కో రంగుకి ఒక్కో గుణం అంటగట్టడం ఇప్పుడు చదివితే గుచ్చుకుంటుంది. ఈ మాట మావాడికీ చెప్పాను. ఆడవాళ్ళని ఎవడో ఒకడు ఎత్తుకుపోవడం, వీరుడు వెళ్ళి విడిపించడం - ఇదే తంతు. మన పాత జానపద సినిమాలు చూసినవాళ్ళకి కొత్తేం కాదనుకోండి!

కానీ ఒక చిన్న విషయం గమనించాను. మొదటి భాగంలో డెజా థోరిస్ శత్రువులకి చిక్కినప్పుడు ఆమె షికారుకి వెళ్ళలేదు. గ్రహం మీద గాలి తీరుతెన్నులు కొలిచే శాస్త్రపరిశోధక బృందంతో వెళ్ళింది! రెండు పేజీల తర్వాత రచయితే ఆ సంగతి మరిచిపోయి, ఆమెని కన్నీళ్ళు పెట్టుకునే అందగత్తెని చేసేశాడు. 2012లో డిస్నీవారు తీసిన 'జాన్ కార్టర్' సినిమాలో మాత్రం ఆమెని శాస్త్రవేత్తగానే చూపించారు. ఆ సినిమాలోనూ తెల్ల కోతులతో బరిలో పోరాటం ఉంది. పాపం, సినిమాకి డబ్బులు రాలేదు.

నిజం అంగారకుడి మీద రాజకుమారులూ లేరు, కాలువలూ లేవు. లోవెల్ అనే అమెరికా ఖగోళ పరిశోధకుడు అక్కడ కాలువలున్నాయని నమ్మి పుస్తకాలు రాస్తే, బరోస్ ఆ ఊహనే పట్టుకున్నాడు. 1965లో మారినర్-4 అనే నౌక దగ్గరికెళ్ళి ఫొటోలు తీస్తే కనిపించింది గుంటలు పడ్డ ఎండునేల. అక్కడి గాలి మన గాలిలో నూరోవంతు కూడా ఉండదు. ఆకర్షణ మాత్రం మనకున్నదానిలో 38 శాతమే. అంటే ఇక్కడ 25 కిలోల బియ్యం బస్తా అక్కడ ఎత్తితే తొమ్మిదిన్నర కిలోలంత తేలిగ్గా ఉంటుంది. ఆ ఒక్క విషయంలో జాన్ కార్టర్ ఎగరడం అబద్ధం కాదు!

అబద్ధాల పుస్తకమైనా అది నిజం పనులు చేయించింది. కార్ల్ సాగన్ అనే అమెరికా శాస్త్రవేత్త పేరు వినే ఉంటారు. చిన్నప్పుడు ఈ కథలు చదివి, ఖాళీస్థలంలో నిలబడి, చేతులు చాచి, తననీ మార్స్‌కి తీసుకుపొమ్మని కోరుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. పెద్దయ్యాక, 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకల పనిలో ఆయన పాలుపంచుకున్నాడు. ఆ పిల్లవాడి చేతిలో పుస్తకం వాళ్ళమ్మ లాక్కుని ఉంటే?

మన సంగతికొస్తే, 2013 నవంబర్ 5న మన శ్రీహరికోట నుంచి మంగళ్‌యాన్ బయల్దేరింది. 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. 2022లో దానితో సంబంధాలు తెగిపోయేదాకా ఎనిమిదేళ్ళు అక్కడే తిరిగింది. ఆ రోజు పేపర్లో వచ్చిన ఫొటో గుర్తుందా? బెంగుళూరులో ఇస్రో మహిళా ఉద్యోగులు పట్టుచీరలు కట్టి, తలలో పూలు పెట్టుకుని, ఒకరినొకరు కావలించుకుని నవ్వుతున్న ఫొటో! నందిని హరినాథ్, రీతూ కరిధాల్ వంటి మహిళా శాస్త్రవేత్తలు ఆ ప్రయోగంలో కీలకమైన బాధ్యతలు చూశారు. డెజా థోరిస్ మొదలుపెట్టి రచయిత మరిచిపోయిన పని, నూరేళ్ళ తర్వాత చీరకట్టుకున్న ఆడవాళ్ళు పూర్తిచేశారు.

మరి ఎమ్మా నగలు?

బరోస్ తర్వాత చాలా సంపాదించాడు. టార్జాన్ వల్ల పేరు, డబ్బు, 1919లో కాలిఫోర్నియాలో పెద్ద పొలం, బంగళా. కానీ 1934లో ఎమ్మాకి విడాకులిచ్చాడు. అన్ని కష్టాల్లో నగలిచ్చినావిడ, సుఖాల్లో పక్కన మిగల్లేదు. నవలలో 687 రోజుల చెరలో ఉన్న భార్యకోసం ప్రాణాలకి తెగించిన వీరుణ్ణి రాసిన చెయ్యే అది! ఈ సంగతి తెలిశాక పుస్తకం మీద కోపం రాలేదుగానీ, ఎమ్మా మీద మనసు పోయింది. ఆవిడ పేరు ఏ అట్ట మీదా లేదు. అందుకే ఇక్కడ రాశాను.

బీరువా మీద పెట్టిన పుస్తకం తీసి మావాడికి ఇచ్చేశాను. ఒక్క షరతు పెట్టాను - చదివినంత మేరకు రాత్రి భోజనాల దగ్గర కథ మాకందరికీ చెప్పాలి. ఇప్పుడు మూడో భాగం నడుస్తోంది. మా అత్తగారు మజ్జిగ అన్నం కలుపుకుంటూ, "ఇంతకీ ఆ తలుపు తెరుచుకుందిట్రా?" అని అడుగుతున్నారు.

మీ పిల్లల చేతిలోనూ ఇలాంటి పుస్తకం ఏదైనా కనిపిస్తే, లాక్కునే ముందు ఓ పది పేజీలు చదవండి. చదివి, "నీకేం నచ్చింది?" అని అడగండి. వాళ్ళు మనల్ని ఎదురు ప్రశ్న అడుగుతారు. అడగనివ్వండి. ఆ పాటల పోటీ మళ్ళీ వచ్చినప్పుడు నేనేం చేశానో చెప్పలేదు కదూ! ఆ పాప మైకు దగ్గరికి రాగానే పాట మొత్తం విన్నాను. ఫలితాలు చెప్పే వేళకి టీవీ కట్టేసి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. మావాడు వెనకాలే వచ్చి, ఏమీ అనకుండా, చిక్కుడు గింజలు ఒలవడం మొదలుపెట్టాడు.